బండికి మేత, బాటకు మజిలీ

నేను బాలుడనై యున్న కాలమున, అనగా 1960వ దశాబ్దపు కడపటి సంవత్సరములలో, ఉద్దానపు గ్రామములనుండి కొబ్బరికాయలు పలాస రైలుస్టేషనునకు ఎడ్లబండ్లమీదనే వచ్చుచుండెను. నడిరేయి దాటిన పిదప బండ్లు వరుసగట్టి బయలుదేరును. బండి కట్టునపుడు మా తండ్రిగారు మొదట విచారించునది కాయల లెక్క కాదు. బండిక్రింది వలలో ఎండుగడ్డి యున్నదా? తవుడు మూట మరచితిరా? త్రోవలోని నీళ్లతొట్టి ఈ యేడు నిండియున్నదా, ఎండిపోయినదా? ఇవియే ఆయన ప్రశ్నలు. ఎద్దుల బలమెంత యున్నను, మేత దొరకని చోటికి బండి పోదని ఆయన చెప్పుచుండెడివారు. ఆ మాట అప్పుడు నాకు పశువులను గూర్చిన మాటగానే తోచెను. అది సమస్త వాహనముల చరిత్రకును వర్తించు మాటయని ముదిమియందు గాని నాకు తెలిసినది కాదు.

నేడు విద్యుచ్ఛక్తితో నడచు బండ్లనుగూర్చి ఎల్లరును మాటలాడుకొనుచున్నారు. కాశీబుగ్గ వీధులలో అట్టి స్కూటర్లను, ఆటోలను మీరును చూచియే యుందురు. ఆ బండ్లయందము, వేగము, వెల యనునవి అమ్మువారు చెప్పుదురు. నేను వాని మేతనుగూర్చి చెప్పదలచితిని. విద్యుద్వాహనము తన బ్యాటరీలో కరెంటు నింపుకొను స్థలమునకు చార్జింగు కేంద్రమని పేరు. ఇది ఈ బండికి గడ్డివామి, నీళ్లతొట్టి, మజిలీ సత్రము అన్నియును. దానిని నెలకొల్పుటకు ప్రభుత్వము లేల ధనసహాయము చేయుచున్నవి? ఆ సహాయము నగరములయందే నిలిచిపోయినచో ఏమి యగును? ఈ రెండు ప్రశ్నలకును చరిత్ర యొక సమాధానమును దాచియుంచినది.

మొదట పెట్రోలుబండి కథ వినుడు. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను ఇల్లాలు, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారుబండిలో ఇరువురు కుమారులను వెంటగొని, మన్‌హైము పట్టణమునుండి తన పుట్టినూరికి ప్రయాణమయ్యెను. దూరము సుమారు 100 కిలోమీటర్లు. అంతకుముందు మోటారుబండిపై అంతదూరము పోయినవారు లేరు. నడుమ వీస్లోహ్ అను చిన్నయూర ఇంధనము తక్కువయ్యెను. పెట్రోలుబంకు అనునది నాటికి లోకమున లేదు. ఆమె ఊరిలోని ఔషధశాలకు పోయి, బట్టల మరకలు తీయుటకు అమ్ము లిగ్రోయిన్ అను తైలమును కొని బండిలో పోసికొని ముందుకు సాగెను. లోకమున మొట్టమొదటి పెట్రోలుబంకు ఒక మందులకొట్టు అని ఆ ఊరివారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. ఈ కథలో మనము గమనింపవలసినది ఆమె సాహసమొక్కటియే కాదు. ఆ ఇంధనమును సీసాలో పోసి ఎచ్చటనైనను అమ్మవచ్చును, డబ్బాలో పెట్టుకొని ఎచ్చటికైనను మోసికొనిపోవచ్చును. ఆ గుణమే తరువాత పెట్రోలునకు విజయము నొసగినది.

ఇక విద్యుద్వాహనమన్ననో, అది మనలో పెక్కురు తలంచునట్లు నిన్నటి వింత కాదు. మరల మరల కరెంటు నింపదగిన సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. 1881లో గుస్తావ్ త్రూవే అనునతడు పారిస్ వీధిలో విద్యుత్తుతో మూడుచక్రముల బండిని నడపెను. 1897లో లండనునందును న్యూయార్కునందును విద్యుత్తుతో నడచు బాడుగబండ్లు తిరుగసాగెను. న్యూయార్కున బండి మజిలీకి రాగానే వట్టిపోయిన బ్యాటరీని యంత్రముతో లాగివేసి, నిండిన దానిని తొడగి పంపుచుండిరి. అలసిన గుఱ్ఱమును విప్పి మరియొక గుఱ్ఱమును కట్టినట్లే యుండెను. 1900వ సంవత్సరమున అమెరికాలో తయారైన మోటారుబండ్లు 4,192 అనియు, వానిలో ఆవిరితో నడచునవి 1,681, విద్యుత్తుతో నడచునవి 1,575, పెట్రోలుతో నడచునవి 936 మాత్రమే అనియు లెక్కలు కలవు. చూచితిరా! ఆనాడు మువ్వురిలో పెట్రోలే కడపటిది. విద్యుద్వాహనమునకు పొగ లేదు, వాసన లేదు, రొద లేదు, చేతులు విరుగునట్లు పిడి త్రిప్పి కదలింప నవసరమును లేదు.

అట్టి బండి ఇరువది ముప్పది యేండ్లలో ఏల కనుమరుగయ్యెను? కారణములు పెక్కు చెప్పుదురు. 1901లో టెక్సాసున నూనెబావులు పొంగి చమురు చవుకయ్యెను. 1908లో ఫోర్డు చవుకబండిని తెచ్చెను. 1912లో మీట నొక్కగానే పెట్రోలుయంత్రము కదలు ఉపాయము క్యాడిలాక్ బండ్లలో వచ్చెను. ఇవియన్నియు నిజములే. కాని వీనియన్నిటి క్రిందను వేరొక కారణము కలదు. నాడు కరెంటు నగరములయందే యుండెను. 1935 ప్రాంతమున సయితము అమెరికా దేశపు పల్లెలలో రైతుల యిండ్లకు పదింట తొమ్మిదింటికి కరెంటు లేదు. విద్యుద్వాహనము ఊరి పొలిమేర దాటిన పిదప తిరిగివచ్చునను నమ్మకము లేకపోయెను. పెట్రోలుడబ్బాయో పల్లెటూరి కిరాణాకొట్టునను దొరకెను. కావున నగరమున గెలిచిన బండి నాటుదారిలో ఓడిపోయెను. అది బండియొక్క ఓటమి కాదు, మజిలీలు లేని బాటయొక్క ఓటమి.

ఇచ్చట మీరొక ప్రశ్న వేయవచ్చును. బండ్లు లేనిదే మజిలీని ఎవడు కట్టును? మజిలీ లేనిదే బండిని ఎవడు కొనును? ఇది విత్తు ముందా చెట్టు ముందా యను చిక్కు. ఈ చిక్కును మన ప్రాంతమువారు నూటయిరువదియైదేండ్లక్రిందటనే యొకమారు విప్పియున్నారు. అది దూరదేశపు కథ కాదు, మన టెక్కలి, నౌపడల కథ.

1893 మొదలు 1896 వరకు బెజవాడనుండి కటకము దాక తూర్పుతీరపు రైలుమార్గము నిర్మింపబడెను. పలాస, నౌపడ దానిమీదివే. అయితే లోపలనున్న పర్లాకిమిడికి ఆ మార్గము దూరమయ్యెను. అప్పటి పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి నారాయణదేవు నౌపడనుండి తన పట్టణమునకు సొంతధనముతో రైలుమార్గము వేయింప సంకల్పించెను. సుమారు 7 లక్షల రూపాయల వ్యయముతో రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్నరైలు టెక్కలి మీదుగా సిద్ధమై, 1900వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన నడవసాగెను. మొదటి సంవత్సరములలో దానికి వచ్చిన రాబడి వ్యయమునకు చాలలేదు. రైలున్నదని నమ్మి వర్తకులు సరకులు తెచ్చుటకు, జనులు ప్రయాణము నలవాటు చేసికొనుటకు కాలము పట్టెను. పదియేండ్లు గడచిన తరువాత గాని కొంచెము లాభము కనబడలేదు. 1924-25 తరువాత లాభము హెచ్చెను. 1929, 1931 సంవత్సరములలో మార్గము గుణుపురము దాక సాగెను. ఆ చిన్నరైలును 2004లో నిలిపి మార్గమును వెడల్పు చేసిరి. 2010, 2011 సంవత్సరములలో పెద్దరైళ్లు వచ్చెను. నేడు అందులో ప్రయాణము చేయువారిలో ఎందరు ఆ మొదటి పదియేండ్ల నష్టమును తలచుచున్నారు?

ఆ నష్టమును భరించువాడొక డుండుటచేతనే మార్గము నిలిచినది. కేవలము లాభమునకే చూచు వర్తకుడు మూడవయేటనే పట్టాలు పెరికి అమ్ముకొనియుండును. తొలినాటి నష్టమును ఎవడో యొకడు, రాజుగాని ప్రజాధనముగాని, పంచుకొనవలయును. చార్జింగు కేంద్రములకు ప్రభుత్వము లిచ్చు ప్రోత్సాహకముల మర్మమంతయు ఇంతియే.

ఇప్పుడు మన దేశమున జరిగినదానిని వరుసగా చెప్పెదను. విద్యుద్వాహనములను ప్రోత్సహించుటకై కేంద్రప్రభుత్వము ఫేమ్ అను పథకమును 2015 ఏప్రిలున ఆరంభించెను. 2018 ఏప్రిలున విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖ యొక స్పష్టీకరణము చేసెను. బండ్లకు కరెంటు నింపుట కరెంటు నమ్ముట కాదనియు, అదియొక సేవయనియు, దానికి ప్రత్యేకానుమతిపత్రము అక్కరలేదనియు దాని సారాంశము. ఇది చిన్నవిషయముగా తోచును గాని, దీనితో టీకొట్టువాడు సయితము నిబంధనల ననుసరించి చార్జింగు కేంద్రము పెట్టుటకు దారి తెరచుకొన్నది. అదే సంవత్సరము డిసెంబరులో వచ్చిన మార్గదర్శకములు, నగరములలో మూడు కిలోమీటర్ల నిడివి, మూడు కిలోమీటర్ల వెడల్పు గల ప్రతి గడికి నొక కేంద్రమును, రహదారుల కిరుప్రక్కల ప్రతి 25 కిలోమీటర్లకు నొక కేంద్రమును ఉండవలెనని చెప్పెను. 2024 సెప్టెంబరులో వచ్చినవి ఆ గడిని 2030 నాటికి ఒక కిలోమీటరునకును, రహదారిపై ఎడమును 20 కిలోమీటర్లకును తగ్గించినవి.

ఫేమ్ రెండవ విడత 2019 ఏప్రిలున 10,000 కోట్ల రూపాయలతో మొదలయ్యెను. అందులో 1,000 కోట్లు చార్జింగు కేంద్రములకని కేటాయింపబడెను. 2020 జనవరిలో 62 నగరములకు 2,636 కేంద్రములు మంజూరయ్యెను. వానిలో ఆంధ్రప్రదేశమునకు 266, తెలంగాణమునకు 138. ఆ విడత 2024 మార్చితో ముగిసెను. అదే సంవత్సరము అక్టోబరున ఆరంభమైన పి.ఎం. ఈ-డ్రైవ్ పథకము 10,900 కోట్లలో 2,000 కోట్లను ఈ కేంద్రములకే నిర్ణయించినది.

రాష్ట్రప్రభుత్వములును ఊరకుండలేదు. ఆంధ్రప్రదేశము 2018లోనే తన విధానమును ప్రకటించి, వేగముగా కరెంటు నింపు యంత్రములను మొదట నెలకొల్పువారికి పెట్టుబడిలో నాలుగవవంతు సహాయము చేయుదునని చెప్పెను. తెలంగాణము 2020 అక్టోబరు 30న తన విధానమును ప్రకటించి, మొదటి 2 లక్షల ద్విచక్రవాహనములకు, మొదటి 20,000 ఆటోలకు రహదారి పన్నును, రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగా మాఫీ చేసెను. 2024 నవంబరున ఆ సంఖ్యాపరిమితిని తొలగించి, మాఫీని 2026 డిసెంబరు 31 వరకు నిర్ణయించెను. హైదరాబాదునందు 2018లోనే మియాపూరు, బాలానగరు మెట్రోస్టేషనులయొద్ద చార్జింగు కేంద్రములు వెలసెను. 2019 మార్చిలో 40 విద్యుద్బస్సులు ఆ నగరమున తిరుగసాగెను. తిరుపతియందు 2022 సెప్టెంబరు 27న విద్యుద్బస్సులకు ప్రారంభోత్సవము జరిగెను. కొండపైకి పోవు ఆ బస్సులకు అలిపిరియందే కరెంటు నింపు ఏర్పాటు కలదు. బండి తిరుగు దారి నిర్ణయమై, రాత్రి చేరు గూడు నిర్ణయమై యున్నచోట ఈ పద్ధతి త్వరగా కుదురుకొనునని ఈ దృష్టాంతము చెప్పుచున్నది.

అయితే, మహాశయులారా, ఈ జాబితాలో ఊళ్లపేర్లను మరల తలచుకొనుడు. 2018 మార్గదర్శకములు మొదటి విడతగా 40 లక్షల జనాభా దాటిన మహానగరములను, వానిని కలుపు రహదారులను పేర్కొనెను. రెండవ విడతగా రాష్ట్ర రాజధానులను పేర్కొనెను. పథకము వరుసగా నడువవలెను గనుక ఎచ్చటనో యొకచోట మొదలుపెట్టుట తప్పు కాదు. ఒకచోటనే ఆగిపోవుట తప్పు. 1900 నాటి బండి చచ్చినది నగరములో కాదు, నగరపు పొలిమేరలో. ఈనాటి బండికిని ఆ పొలిమేర కాశీబుగ్గవంటి ఊరే.

దీనికి నా యనుభవ మొకటి చెప్పెదను. గడచిన వేసవిలో నా పూర్వశిష్యు డొకడు విశాఖపట్టణమునుండి నన్ను తన విద్యుత్తుకారులో కాశీబుగ్గకు తీసికొని వచ్చుచుండెను. త్రోవలో కరెంటు నింపుకొందమని ముందే యొక కేంద్రమును చూచియుంచుకొనెను. తీరా పోయి చూడగా యంత్రపు తెర వెలుగుచున్నది గాని కరెంటు రాదు. దానిమీద వ్రాసిన నంబరునకు పలుమారులు ఫోను చేసినను పలికినవారు లేరు. మండుటెండలో చల్లనిగాలి యంత్రమును ఆపుకొని, వేగము తగ్గించుకొని, మెల్లగా వచ్చి రోడ్డుప్రక్క నొక టీహోటలు ముంగిట నిలిచితిమి. ఆ హోటలాయన మా సంగతి విని, తన నీళ్లమోటారును ఆపి, దాని ప్లగ్గునుండి మా బండికి కరెంటు ఇచ్చెను. రెండుగంటలలో ఆరు యూనిట్లు ఎక్కెను. అనగా సుమారు 40 కిలోమీటర్ల నడక. ఇల్లు చేరుటకు అది చాలెను. వెల యెంతయని మావాడు అడుగగా ఆయన నవ్వి, "ఇదేటి మాస్టారూ, కరెంటుకి నేనేటి రేటు సెప్తాను? టీ డబ్బులిచ్చీండి సాలు" అనెను. నాకు వెంటనే వీస్లోహ్ ఊరి మందులకొట్టు జ్ఞప్తికి వచ్చెను. నూటముప్పదియేండ్ల తరువాత, వేరొక ఖండమున, వేరొక మేతకు, అదే కథ!

ఇందులో రెండు పాఠములు కలవు. యంత్రమును నాటుట వేరు, దానిని నడుపుట వేరు. నాటినందుకు ఇచ్చు సహాయము నడిపినందుకును ఇచ్చునట్లు, చెడినయెడల నిన్ని దినములలో బాగుచేయవలెనను కట్టుబాటుతో ముడివేయవలయును. నీళ్లులేని తొట్టి తొట్టిలేని చోటికన్న ప్రమాదకరము. ఏలయన లేనిచోట బండివాడు జాగ్రత్తపడును, ఉన్నదని నమ్మి మోసపోడు. ఇది మొదటి పాఠము. రెండవది, మజిలీ నడుపుటకు పెద్దసంస్థయే కానక్కరలేదు. రహదారిమీద దినమంతయు మేలుకొని యుండు హోటలువానికి ప్రత్యేక మీటరు, సరియగు తీగలు, కొంత పెట్టుబడి సహాయము అందినయెడల, యంత్రమును కనిపెట్టుకొని యుండు మనుష్యుడును దానితోడనే దొరకును.

ఇది ధనికుల కారులకు సంబంధించిన ముచ్చటయని మీరు తలంపవలదు. మన ప్రాంతమున దీని లాభనష్టములు తగులువాడు ఆటోవాడు. జీడిపిక్కల మూటలు, కొబ్బరికాయలు, చేపలతట్టలు, బడిపిల్లలు, ఉద్దానమునుండి రక్తశుద్ధి చికిత్సకై పలాసకు మాటిమాటికిని రావలసిన మూత్రపిండవ్యాధి పీడితులు, వీరందరిని మోయునది ఆటోయే. లెక్క చూడుడు. ఆంధ్రప్రదేశపు విద్యుత్తు ధరపట్టికలలో బండ్లకు నింపు కరెంటునకు యూనిట్టు వెల 6 రూపాయల 70 పైసలుగా, స్థిరరుసుము లేకుండ నిర్ణయించినది 2019 తరువాతి మాట. ఎనిమిది యూనిట్ల బ్యాటరీగల ఆటోకు ఆ ధరను ఒకసారి నింపుటకు 53 రూపాయల 60 పైసలు. దానిపై కేంద్రము నడుపువాని సేవారుసుము, పన్ను చేరును. అట్లు చేరినను, సుమారు వంద కిలోమీటర్ల తిరుగుడునకు పడు పెట్రోలు ఖర్చుతో పోల్చిన నది ఎంత తక్కువయో ఆటోవానిని అడిగిన చెప్పును. ఆ మిగులు వాని యింట బియ్యమగును. కాని మధ్యాహ్నమున బ్యాటరీ తరిగి, సమీపమున నింపు చోటు లేనిచో, సాయంకాలపు బాడుగ పోవును, అప్పు వాయిదా తప్పును. చవుక యనుకొన్నదే ఉరియగును.

మరియొక భయము కలదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరమును దాటిన సంగతి మరచినవా రెవరు? కొబ్బరితోటలు నేలకొరిగెను. కరెంటు స్తంభములు కూలి పెక్కు గ్రామములు దినములతరబడి చీకటిలో నుండెను. అట్టి వేళ విద్యుద్వాహనము ఏమి కావలెను? ప్రశ్న న్యాయమైనది. పెట్రోలుబంకు పంపు సయితము కరెంటుతోనే నడచునుగాని, జనరేటరు పెట్టుకొని అది గట్టెక్కును. చార్జింగు కేంద్రమునకును అట్టి ఆధారము కావలయును. కప్పుమీద సూర్యకాంతి ఫలకములును, క్రింద కరెంటును నిలువచేయు పెద్దబ్యాటరీయు గల కేంద్రము తీరప్రాంతమున రెండైనను ఉన్నయెడల, తుపాను దినమున రోగుల బండ్లకును, గ్రామములోని ఫోనులకును అదియే దిక్కగును. నగరమున విలాసమైనది తీరమున అవసరమగును. కావున సహాయధనమును లెక్కించునపుడు జనాభా నొక్కదానినే గాక ఆపదను కూడ లెక్కింపవలయునని మనము అడుగుట న్యాయము.

గ్రామపెద్దలు చేయదగిన పనులు కొన్ని కలవు. ప్రభుత్వభూమిని చార్జింగు కేంద్రమునకు, అమ్మిన ప్రతి యూనిట్టునకు ఒక రూపాయి వాటా పద్ధతిమీద ఇచ్చు ఏర్పాటు 2022 జనవరి మార్గదర్శకములలో చేయబడెను. బస్సులు నిలుచుచోట, సంతదగ్గర, ఆసుపత్రిదగ్గర అట్టి స్థలమును చూపి అడుగవచ్చును. ఎవడైన బాలుడు ఆటోకై అప్పు తీసికొనుటకు మీ హామీ కోరినపుడు, బండి వెలతోపాటు దాని మేత యెచ్చటనని కూడ అడుగుడు. ఇంటికరెంటుతో నింపుకొనుట నియమవిరుద్ధము కాదు గాని, పాతతీగలమీద రాత్రియంతయు అంత బరువు మోపుట అపాయము. భూమితీగ యున్నదో లేదో తెలిసినవానిచేత చూపింపుడు.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మన ఉత్తరజిల్లాలకు వెలుగు తెచ్చినపుడును, కరెంటు నగరములకేగాని పల్లెలకేలయని అడిగినవారుండిరి. పల్లెపొలమున మోటారు తిరిగిన పిదప ఆ ప్రశ్న మరల వినబడలేదు.

మా తండ్రిగారి బండి నేడు లేదు. ఆ బాటయొడ్డున నీళ్లతొట్టి కట్టించిన పుణ్యాత్ముని పేరు నాకు తెలియదు. ఆయన ఎడ్లను అమ్మినవాడు కాడు, బండిని చేసినవాడును కాడు. తాను ఎరుగని బండ్లకొరకు తొట్టి కట్టి, ఏటేట పూడిక తీయించెను. కాశీబుగ్గ బాటపై రాబోవు బండ్లకును అట్టి తొట్టి యొకటి కావలయును, దానిని ఏటేట కనిపెట్టియుండువారును కావలయును. అవి యుండిన బండ్లు వాటంతట నవియే వచ్చును.